లవం, హారం

చంద్రాపూర్ కాలేజీలో, గరగరలాడే ఫ్యాను కింద
బోర్కుటే సారు బోర్డు మీద ఒక అడ్డగీత గీశారు.
పైన చనిపోయినవాళ్లు, కింద పుట్టినవాళ్లు.
"పైదాన్ని చూసి అందరూ ఏడుస్తారు.
మీరు కిందిదాన్ని అడగండి,
ఇందులో ఎవర్ని కలిపారు, ఎవర్ని మరిచారు అని."
నోట్సులో రాసుకున్నాను.
పరీక్షలో వస్తుందనుకున్నాను.

సిరోంచలో బస్సు దిగేసరికి
ప్రాణహిత ఎండకి సగమై ఉంది.
నేను పుట్టింది ఈ తాలూకాలోనే,
అయినా మెడలో గుర్తింపు కార్డు ఉంటే
కుక్కలు కూడా కొత్తగా మొరుగుతాయి.
భుజాన పిల్లల్ని తూచే కాటా,
సంచిలో నలభై ఫారాలు,
ముందు ఆశా కార్యకర్త దుర్గం మల్లక్క,
తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుని.

ఫారం మరాఠీలో ఉంది.
నేను తెలుగు చేసి మల్లక్కకి చెబుతాను,
మల్లక్క మాడియా చేసి మాసేకి చెబుతుంది.
మాసే మాట అదే బాటన వెనక్కి నడిచొచ్చేసరికి
కాళ్లరిగి
'అవును' గానో 'కాదు' గానో మిగులుతుంది.

ఆస్పత్రి ఎంత దూరం?
ఎండాకాలం ఒక పూట. వానాకాలం వాగు దయ.
గడిలో కిలోమీటర్లే పడతాయి.

ఆలస్యంగా ఎందుకు వెళ్లారు?
అవగాహన లేక. మూఢనమ్మకం వల్ల. ఇతరములు.
మల్లక్క ఫారంలోకి తొంగిచూసి నవ్వింది.
"వాగు ఇండ్ల ఎక్కడ రాస్తరు బిడ్డా?"

పక్కింటి అరుగు మీద బిజ్జా,
పదిహేడేళ్లవాడు, మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు.
వాడి రక్తకణాలు కొడవళ్లలా వంగిపోతాయని
పరీక్ష కాగితం చెప్పింది.
కోతలకి పిలిచిన రైతు మాత్రం
బద్ధకం అన్నాడు.
రెండూ నా ఫారంలో లేవు.
అంచున పెన్సిల్‌తో రాశాను.

మాసే తన సంగతి తనే చెప్పింది, ఎవరూ అడగకుండా.
పోయిన భాద్రపదంలో నొప్పులు.
వాగు పొంగి సిరోంచ బాట తెగింది.
పడవలో ఏరు దాటించారు, అవతలి ఒడ్డుకి,
అక్కణ్ణుంచి ఆటోలో చెన్నూరు.
ఆడపిల్ల. నాలుగు రోజులు పాలు తాగింది.
ఐదో రోజు తిరిగొస్తుంటే
ఏటి నడుమ
తాగడం మానేసింది.

మల్లక్క ఇదంతా తెలుగులోకి తేవడానికి
చాలాసేపు పట్టింది.

అవతల అడిగాను. గుమాస్తా మర్యాదస్తుడే.
"పుట్టుడు మా దగ్గరనే. కానీ ఊరు మీది,
పేరు మీకు పంపినం."
ఇవతల అడిగాను.
"ఏ పేరూ రాలేదు.
ఇక్కడ పుట్టనిది, ఇక్కడ పోనిది,
ఎక్కడ రాయమంటావు?"
పైనా లేదు, కిందా లేదు.
నీళ్ల మీద ఎవరూ గీత గీయలేదు.

ఆ రాత్రి మల్లక్క ఇంట్లో పడుకున్నాను.
గోడకి చెన్నూరు ఎరువుల దుకాణం క్యాలెండరు.
గడుల్లో సన్నని నిలువు గీతలు.
"ఇవేంటక్కా?"
"పుట్టినోళ్లు."
కొన్నింటి మీద అడ్డంగా ఇంకో గీత.
అడగలేదు.
భాద్రపదంలో ఒక గడి:
నిలువు, దాని మీద అడ్డం,
పక్కనే 'పాలు అర్ధ'.
టార్చి వెలుతుర్లో లెక్కపెట్టాను.
ప్రభుత్వ రిజిస్టర్లో ఆ ఏడు ఇద్దరు పోయారు.
గోడ మీద ఐదుగురు.

పొద్దున ఆ కాగితాలు అడిగితే
మల్లక్క మేకు నుంచి తీసి చేతిలో పెట్టింది.
"తోలుకపో. మల్ల తేవాలె.
పాలోనితోని లెక్క ఇంక తెగలే."

నివేదికలో ఆధారం అన్న చోట
'క్యాలెండరు, ఎరువుల దుకాణం' అని రాశాను.
బోర్కుటే సారు దాని చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి
పక్కన చిన్నగా అడిగారు:
ఇలాంటి గోడలు ఎన్ని?

తెలియదు.
వచ్చే వారం మళ్లీ వెళ్తున్నాను.
క్యాలెండరు తిరిగిచ్చెయ్యాలి,
మల్లక్కకి చెప్పులు కొన్నాను, సైజు సరిపోతుందో లేదో.
మాసే పాపకి పేరు పెట్టలేదట,
పేరు గడి ఖాళీగా ఉంది.
ఏం రాయాలో ఆమెనే అడగాలి,
ఈసారి మాడియాలో,
నాలుగు మాటలు నేర్చుకున్నాను.